పెట్టె మూసిన చెయ్యి

ఉలి మరో పొర లేపేసరికి జిగురక్క చేతిలో పని ఆపి తలెత్తింది.

ఎదుటి బల్ల దగ్గర కూతురు గిటారు పైపలకను బోర్లించి పెట్టుకుని, దాని లోపలివైపు అతికించిన కర్రలను చెక్కుతోంది. ఆ కర్రలను షెడ్డులో అందరూ ఎముకలంటారు. రెండు పొడుగు ఎముకలు మడతకుర్చీ కాళ్లలా ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. వాటి కింద ఏటవాలుగా రెండు చిన్నవి. పైపలక మందం చూస్తే రెండు అట్టముక్కలు కలిపినంత కూడా ఉండదు. తర్వాత తీగలు బిగిస్తే ఆరూ కలిసి ఒక నిండు మనిషి బరువుతో దాన్ని లాగుతాయి. ఆ లాగుడుకు అడ్డంపడేవి ఈ ఎముకలే. అవి మందంగా ఉంటే పలక నిలుస్తుంది, గొంతు మాత్రం పెగలదు. సన్నబడేకొద్దీ గొంతు విప్పుకుంటుంది. ఎక్కడ ఆపాలో తెలియకపోతే ఒక రోజు తీగలు కట్టే బ్రిడ్జితో సహా కూలబడుతుంది.

"చాలే, ఇక ఆపవే," అంది జిగురక్క ఉండబట్టలేక.

కూతురికి వినపడలేదు. పలకను లేపి, అంచును రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర వేలాడదీసి, వేలి కణుపుతో మెల్లగా కొట్టింది. డుమ్మని పలికి, ఆ పలుకు కాసేపు గాల్లో నిలబడింది. పిల్ల కళ్లు మూసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టి, ఎడమవైపు చిన్న ఎముక చివర ఇంకో పొర తీసింది. ఉల్లిపొరలాంటి ఆ చెక్కముక్క ఫ్యాను గాలికి ఎగిరి జిగురక్క ఒళ్లో పడింది.

పక్క బల్ల నుంచి మిల్లీమీటరు తల తిప్పి చూశాడు. మెడలో ఎప్పుడూ కొలత గేజీ వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి అతనికి ఆ పేరు. టీ కూడా కొలుచుకుని తాగుతాడని షెడ్డులో ఆటపట్టిస్తారు.

"చెల్లెమ్మా, ఇంకాస్త గీకావంటే ఆ పలకలోంచి అవతలి వీధి కనపడుతుంది."

"నీ గేజీకి కళ్లున్నాయి గానీ చెవుల్లేవన్నా. పాపం, ఏం చేస్తుందది!"

అందరూ నవ్వారు. జిగురక్క ఒక్కతే నవ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ షెడ్డులో గిటారు పక్కలకు అంచుపట్టీలు అతికించడం, వెనకపలక వేసి పెట్టె మూయడం ఆమె పని. ఎంత తోముకున్నా చేతులకు జిగురు వాసన పోదు, పేరూ పోలేదు. ఇక భయం అంటారా, అది జిగురుకంటే ముందునుంచే అంటుకుని ఉంది. వాన పడితే కప్పు కారుతుందని భయం, పడకపోతే చెక్క ఎండి పగులుతుందని భయం. కూతురు కొట్టుకు వెళ్లి పది నిమిషాలు ఆలస్యమైతే ఊళ్లో ఆసుపత్రులన్నీ వరసగా గుర్తొస్తాయి.

ఈసారి భయానికి కారణం ఉంది. ఎముకలు చెక్కే పెద్దాయనకు చెయ్యి వణకడం మొదలై ఏడాది దాటింది. నెలాఖరుకు ఆయన కుర్చీ ఖాళీ. అందులో ఎవరు కూర్చోవాలో నోటితో చెప్పనని, చెవితో తేల్చుదామని ఓనరు అన్నాడు. ఒకే దుంగలోంచి పక్కపక్కనే కోసిన తెల్లచెక్క పలకలు రెండు జతలు, జతను అతికిస్తే ఒక పైపలక అయ్యేలా, తీయించి, ఒకటి మిల్లీమీటరుకు, ఒకటి జిగురక్క కూతురికి ఇచ్చాడు. అదే సైజు, అదే మెడ, అవే తీగలు. ఎముకలు చెక్కిన చెయ్యి ఒక్కటే తేడా. శనివారం తెర వెనక రెండూ వాయించి, ఏది బాగుందో అందరూ చెప్పాలి.

ఆరేళ్లుగా రంగు గదిలో మెరుగు పెడుతూ, మధ్యాహ్నాలు తిండి మానేసి పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్లకు ఇంతకుమించిన అవకాశం రాదు. ఆ సంగతి జిగురక్కకూ తెలుసు. అందుకే నిద్ర పట్టడం లేదు.

పెద్దాయన వచ్చి పలక అందుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతుంటే పలక కూడా వణికింది. ఒక్కసారి కొట్టి విన్నాడు. ఇంకోసారి కొట్టలేదు.

"ఇక ముట్టుకోకమ్మడూ," అన్నాడు. "సరిగ్గా ఇక్కడే ఆగాలి."

కూతురి ముఖం వెలిగిపోయింది. జిగురక్కకు మాత్రం 'ఇక ముట్టుకోకు' అన్న ముక్కే చెవిలో నిలిచింది. అంటే అంచు దాకా వచ్చేసిందన్నమాటే కదా, అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి పైపలక పక్కలకు అతుక్కుని, వెనక తెరిచి ఉన్న పెట్టెలా తయారైంది. కూతురు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చి తల్లి బల్ల మీద పెట్టింది.

"నువ్వే మూయమ్మా. నీ అతుకులో వెంట్రుక కూడా దూరదు."

"నేను కాక ఇంకెవరు మూస్తారే? వెళ్లి తిను ముందు. నిన్నా తినలేదు."

"నువ్వు మూశాకే తింటా."

"పో, చూస్తూ కూర్చుంటే నాకు చెయ్యి ఆడదు."

అందరూ అన్నం డబ్బాలు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లారు. చేతులు కడుక్కునే నీళ్ల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. షెడ్డులో జిగురక్క ఒక్కతే మిగిలింది. పెట్టెను ఎత్తి కిటికీ వైపు పట్టుకుంది. ఎండ పైపలక గుండా ఎర్రగా లోపలికి దిగింది, అరచేతిని దీపానికి అడ్డం పెడితే కనిపించినట్టు. అంచుల దగ్గర మరీ పల్చగా ఉంది. చిన్న ఎముకలు చివరకు వచ్చేసరికి అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

పోయినేడాది తిరిగొచ్చిన గిటారు ఆమె కళ్లముందు ఆడింది. బ్రిడ్జి వెనక పొట్ట ఉబ్బి, ముందు గుంట పడి, మధ్యలో నిలువునా చీలి. పెద్దాయనకు బదులు దాన్ని చెక్కినవాడు ఆ సాయంత్రమే పనిముట్లు గుడ్డలో చుట్టుకుని తలవంచుకుని వెళ్లిపోయాడు. ఎవరూ అతన్ని పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

శనివారం అందరి ముందు తీగలు బిగించి ఉండగా ఠప్పుమంటే? ఆ పిల్ల మళ్లీ తలెత్తుకోగలదా? పెద్దాయనకేం, చెవి విన్నంతవరకే. జిగురు పట్టు, చెక్క బలం తనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

చెయ్యి దానంతటదే తుక్కుబుట్టలోకి వెళ్లింది. వేలెడు పొడవు తెల్లచెక్క పట్టీ ఒకటి దొరికింది. గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, జిగురు రాసి, రెండు చిన్న ఎముకలకు అడ్డంగా, బ్రిడ్జి వచ్చే చోటుకు కాస్త కిందుగా ఆనించింది. బొటనవేలితో నొక్కిపట్టి రెండొందలు లెక్కపెట్టింది. నూట యాభై దగ్గర వరండాలో కూతురి నవ్వు వినిపించి లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి పెట్టింది.

కారిన జిగురును తడిగుడ్డతో తుడిచింది. వెనకపలక వేసి, చుట్టూ ముప్పై బిగింపులూ ఒక్కొక్కటీ సగం సగం తిప్పుతూ బిగించింది. చివరిది బిగించాక ఆ వారంలో మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టనిపించింది.

ఆ పూట బాగా తింది కూడా.

గురువారం రెండు గిటార్లకూ రంగు వెయ్యకుండానే మెడలు బిగించి తీగలు కట్టారు. మిల్లీమీటరు తన గిటారు మీద ఒకసారి అన్ని తీగలూ దువ్వి, తృప్తిగా తలాడించి, పలక ఎంత వంగిందో గేజీ పెట్టి చూసుకున్నాడు.

కూతురు తన గిటారు శ్రుతి చేసింది. అరచేత్తో తీగలు ఆపి మళ్లీ మీటింది. లావు తీగను మీటి వదిలి, చెవిని గిటారు పక్కకు ఆనించింది. జిగురక్క అంచుపట్టీకి గాట్లు పెడుతూ తల ఎత్తకుండానే అన్నీ చూస్తోంది.

"అమ్మా!"

"ఊఁ."

"మూసేటప్పుడు లోపల అంతా బాగానే ఉందా?"

"ఎందుకు బాగుండదు?"

"ఏమో. పలకగా ఉన్నప్పటి పలుకు లేదు. దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది."

"పెట్టె మూశాక పలుకు మారదూ? కొత్త చెక్క. రెండ్రోజులు పోతే అదే తెరుచుకుంటుంది." ఎప్పుడో పెద్దాయన నోట విన్న మాటలే అప్పజెప్పి, జిగురక్క గాటు తప్పుచోట పెట్టింది.

శుక్రవారం తల్లి నీళ్లు తెస్తుంటే, పిల్ల పెద్దాయన బల్ల దగ్గర నిలబడి పొయ్యి మీద జిగురు గిన్నె కలుపుతూ కనిపించింది. ముఖం అటు తిప్పి ఉంది.

శనివారం షెడ్డు మధ్యలో తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీశారు. పక్క వీధిలో పిల్లలకు గిటారు నేర్పే టీచరు వచ్చి దాని వెనక కూర్చుంది. ఏది ఎవరిదో ఆవిడకు చెప్పలేదు. ఓనరు ఒక్కడికే తెలుసు.

"ఒకటోది," అన్నాడు ఓనరు.

టీచరు ఒక నెమ్మదైన వరస వాయించింది. బాగానే ఉంది. స్వరాలన్నీ వేటి చోట అవి కుదురుగా, బడిలో పిల్లలు వరసగా నిలబడ్డట్టు.

"రెండోది."

అదే వరస. మొదటి నాలుగు స్వరాలకే జిగురక్కకు అర్థమైంది. ఆమెకు సంగీతం రాదు. అయినా పద్దెనిమిదేళ్లు గిటార్ల మధ్య బతికిన మనిషికి ఆ మాత్రం తెలుస్తుంది. ఇది గొంతు పట్టేసిన మనిషి పాడినట్టుంది. సన్న తీగలు పరవాలేదు. లావు తీగలు మాత్రం మీటగానే అక్కడికక్కడే పడిపోతున్నాయి. బ్రిడ్జికి కాస్త కిందుగా, లోపల, ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టు.

ఆ బొటనవేలు ఎవరిదో ఆమెకు తెలుసు. చేతులు ఒళ్లో దాచుకుంది.

ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ ఒకటోదే అన్నారు. చివరికి పెద్దాయన, "ఒకటోది," అని పెదవి విరిచాడు. "కానీ నాకేదో తేడాగా ఉంది."

"చెక్కినవాళ్లూ చెప్పాలి," అన్నాడు ఓనరు. "మన చెవులు మనకు అబద్ధం చెప్పకూడదు."

మిల్లీమీటరు మొహమాటంగా తల గోక్కుని, "ఒకటోదేనండీ," అన్నాడు.

కూతురు దుప్పటి వైపే చూస్తోంది. ఆ రెండింటిలో తన గిటారు ఏదో ఆ పిల్లకు తెలియకుండా ఉంటుందా? "ఒకటోది బాగుంది," అంది. ఆ మాట అని లేచి వెళ్లి దుప్పటి విప్పి, నాలుగు మూలలూ కలిపి మడత పెట్టింది.

ఆదివారం పొద్దున కూతురు ఇంటి వరండాలో కూర్చుని, పనిలో వేసుకునే ఏప్రాన్లు ఉతుకుతోంది. ఒకదాని జేబులోంచి చెక్కపొట్టు తడిసి ముద్దగా బయటికొచ్చింది. జిగురక్క పక్కన కూర్చుంది. తడిసిన ఆ పొట్టును వేళ్లతో ఏరి పక్కన పెట్టింది.

"నీ తప్పేం లేదే," అంది చివరికి. "నేనే. పెట్టె మూసేటప్పుడు అడ్డంగా ఒక పట్టీ వేశాను. కూలిపోతుందేమోనని."

కూతురు జాడించడం ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"గురువారం సాయంత్రమే చూశా. పెద్దాయన చిన్న అద్దం ఉంది కదా, పుల్లకు కట్టింది. అది లోపలికి పెట్టి చూశా. నీ అతుకే. పక్కన చుక్క జిగురు కూడా లేదు. అంత శుభ్రంగా ఇంకెవరు పెడతారు?"

జిగురక్క బకెట్టు పక్కకు జరిపింది. "మరి పీకెయ్యకపోయావా! నా మీద అరవకపోయావా!" అంది.

"పీకేద్దామనే అనుకున్నా. శుక్రవారం జిగురు వదలాలని కత్తి వేడి చేశా కూడా. చెయ్యి లోపలికి పెట్టాక..." కూతురు గుడ్డను పిండింది. నీళ్లన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది. "అమ్మ ఎన్ని వందల పెట్టెలు మూసిందో, ఒక్కదానికైనా ఇలా పట్టీ వేసిందా అనిపించింది. నా దానికే వేసిందంటే, నిజంగానే అంత సన్నం చేసేశానేమో. తీసేశాక అందరి ముందు కూలిపోతే? అనుకున్నానమ్మా. కత్తి చల్లారిపోయింది. మళ్లీ వేడి చెయ్యబుద్ధి కాలేదు."

జిగురక్క ఆ మాట విని తట్టుకోగలిగింది గానీ, ఆ మాట అన్న తీరు విని తట్టుకోలేకపోయింది. పిల్ల ఎవరినీ నిందించడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టు మామూలుగా చెబుతోంది.

సోమవారం షెడ్డు తెరవగానే జిగురక్క నేరుగా ఓనరు దగ్గరికెళ్లింది. కూతురు వెనకనుంచి మోచెయ్యి పట్టి లాగుతున్నా ఆగలేదు. అందరూ వింటుండగానే చెప్పేసింది.

ఓనరు ఒంటికాలి మీద లేచాడు. "పద్దెనిమిదేళ్లు నమ్మి నీ చేతికిచ్చానక్కా! నువ్వు మూసిన పెట్టె నేను తిరిగి తెరిచి చూశానా ఎప్పుడైనా?"

"చూడలేదండీ."

"ఇక పెట్టె మూసే పని నీది కాదు. పట్టీలకు గాట్లు పెట్టుకో, చాలు."

"అలాగేనండీ."

పెద్దాయన ఈ గొడవేదీ పట్టించుకోలేదు. అప్పటికే గిటారు తీగలు వదులు చేస్తున్నాడు. "కత్తి వేడి చెయ్యమ్మడూ," అన్నాడు. "నా చెయ్యి లోపల కుదురుగా ఉండదు, నీదే కావాలి."

కూతురు సన్నటి చెయ్యి గుండ్రటి రంధ్రంలోంచి మోచేతి దాకా దిగింది. కళ్లు కప్పువైపు పెట్టి, వేళ్లతోనే వెతుక్కుంటూ అతుకు కింద కత్తి దూర్చింది. పావుగంట పట్టింది. పట్టీ ఊడి, లోపల దొర్లిన చప్పుడైంది. గిటారును తలకిందులు చేసి ఊపితే బల్ల మీద పడింది. వేలెడు ముక్క. ఊదితే ఎగిరిపోతుంది.

తీగలు మళ్లీ బిగుస్తుంటే జిగురక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్కో మెలికకూ ఆమె భుజాలు పైకి లేచాయి. ఏమీ కూలలేదు. పెద్దాయన వణికే వేళ్లతోనే లావు తీగను ఒక్కసారి మీటాడు.

ఆ స్వరం బల్ల మీది నుంచి లేచి, గోడకు వేలాడుతున్న మిగతా గిటార్ల తీగలను కూడా కదిపింది. షెడ్డంతా సన్నగా మోగింది.

ముందుగా మాట్లాడింది మిల్లీమీటరే. "నాదీ, దీనిదీ ఒకే దుంగ అంటే నేను నమ్మను," అన్నాడు. గేజీ తీయబోయి, మళ్లీ వదిలేశాడు. "కుర్చీ చెల్లెలిదేనండీ. నాకేం బాధ లేదు. కాస్త ఉంది లెండి, సాయంత్రానికి పోతుంది."

ఓనరు గడ్డం రుద్దుకున్నాడు. "ఒక్కటి గాలివాటంగా కూడా రావచ్చు. అదే దుంగలోది ఇంకో జత ఉంది. అదీ ఇలాగే పలికిస్తే కుర్చీ నీది. గురువారానికి ఎముకలు చెక్కి ఇవ్వు."

గురువారం మధ్యాహ్నం. డబ్బాల వేళ అయినా ఎవరూ లేవలేదు. కూతురు పెద్దాయన కుర్చీలోనే కూర్చుని చెక్కుతోంది. మొదట్లో ఉలి బాగానే నడిచింది. పొడుగు ఎముకలు ఒంపు తిరిగాయి. చిన్నవాటి దగ్గరికొచ్చేసరికి పొరలు చిన్నవయ్యాయి. ఒక పొర తియ్యడం, బొటనవేళ్లతో పలకను నొక్కి చూడటం. ఇంకో అరపొర తియ్యడం, మళ్లీ నొక్కడం. చెవి దగ్గర పెట్టుకుని వినడం మాత్రం ఒక్కసారే చేసింది.

"ఇదిగో తాతా," అంది.

పెద్దాయన కొట్టి విన్నాడు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారీ కొట్టాడు. "గొంతు ఇంకా లోపలే ఉందమ్మడూ. నీకు వినపడటం లేదా?"

"వినపడుతోంది."

"మరి తియ్యి."

కూతురు ఉలి అందుకుని ఎముక మీద ఆనించింది. మణికట్టు కదల్లేదు. పెద్దాయన ఒక నిమిషం చూసి, ఆ నిమిషాన్ని ఇంకొంచెం సాగదీసి, మెల్లగా లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. ఒకరొకరుగా మిగతావాళ్లూ లేచారు.

"తియ్యవే," అంది జిగురక్క. తన నోట అలాంటి మాట వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. "ఇంకో రెండు పొరలు తియ్యి. ఏం కాదు."

"కూలిపోతే?"

"పోనీ. ఇంకోటి చేద్దువు గానీ."

"నిజంగా అంటున్నావా, నా కోసం అంటున్నావా?"

నిజంగానే అంటున్నానని చెప్పడానికి జిగురక్క నోరు తెరిచింది. కానీ లోపల పీచుపీచుమంటూనే ఉంది. అది ముఖంలోకి రాకుండా ఆపుకోవడం ఆమె ఏనాడూ నేర్చుకోలేదు. కూతురు ఒక్క క్షణం ఆ ముఖం చూసింది. చూసి నవ్వింది, కోపం ఏ కోశానా లేని నవ్వు.

"వద్దులేమ్మా. ఇలా ఉంటే నిలుస్తుంది. కుర్చీలో మిల్లీమీటరన్న కూర్చుంటాడు, నాకు రంగు గది అలవాటే." ఉలిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. "రా, తిందాం. నిన్నంతా ఏమీ తినలేదు నువ్వు."

పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. జిగురక్క కాసేపు అక్కడే నిలబడి, పలకను అంచు పట్టుకుని లేపింది. కూతురు పట్టుకున్నట్టే రెండు వేళ్లతో, చెవి దగ్గరగా. వేలి కణుపుతో కొట్టింది.

పొట్టిగా, గట్టిగా, ఏ ప్రమాదమూ లేకుండా పలికింది.